నడుము ముందా, చేతులు ముందా

అబిడ్స్‌లో మాది బట్టల దుకాణం. తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద మఠం వేసుకుని కూర్చుని, ఒక్క విసురుతో గుడ్డ తానంతా కొనేవాళ్ళ ముందు పరచడం నా పని. నడుముతో అవసరమే లేదు, అంతా చేతుల్లోనే ఉంది. ఆ విసురంటే నాకు గర్వం. గోల్ఫ్‌లో నా కొంప ముంచింది అదే.

నన్ను ఆ ఆటలోకి దింపింది ఎదురు వరుసలో గడియారాలమ్మే దోస్తు. పొద్దున్నే నాంపల్లి స్టేషన్ దగ్గర చాయ్ తాగి, వాడి కారులో ఊరి చివరి మైదానానికి పోయేవాళ్ళం. త్వరలో జంటల పోటీ ఉంది. వాడి పక్కన ఆడేది నేనే అనుకున్నాను. గెలిచినా ఓడినా సరే, వాడి జోడీగా నిలబడాలన్నదే నా ఆశ.

"కర్ర కిందికి దించేటప్పుడు చేతులు ఆగాలె సార్. ముందుగాల బరువు ఎడమ కాలు మీదికి రావాలె, నడుం తిరగాలె, చేతులు గా వెంబడి రావాలె" అని అక్కడి కోచ్ మొత్తుకునేవాడు. తల ఊపేవాణ్ణి. కర్ర పైకి పోగానే చేతులు గుడ్డ తాను విసిరినట్టు విసిరేసేవి. బంతి కుడివైపు చెట్లలోకి పోయేది.

ఒక ఆదివారం నా తోడల్లుణ్ణి వెంట తీసుకెళ్ళాను. ఖైరతాబాద్‌లో ఉంటాడు, బ్యాంకు ఉద్యోగం. నిమజ్జనానికి తీన్‌మార్ మోగితే చాలు, నడుము నిలవదు. నేనేమో బరాత్‌లో కూడా నిటారుగా నడిచే రకం. కోచ్ ఒక్కసారి చెప్పాడంతే. వాడి బరువు ఎడమ కాలు మీదికి జారింది, నడుము తిరిగింది, చేతులు వెనకే వచ్చాయి. బంతి తిన్నగా పోయింది.

"అరె వా! మీ సడ్డకుడు మస్తు కొట్టిండు భాయ్!" అన్నాడు దోస్తు. ఏడాదిగా నన్నొక్కసారి అట్లా అనలేదు. పైకి నవ్వాను, లోపల ఉన్నది వేరు. అసూయే, దానికి ఇంకో పేరు పెట్టను. తోడల్లుడు రోజూ రావడం మొదలుపెట్టాడు. ఏకై వచ్చి మేకై కూర్చోవడమంటే ఇదే.

ఇక పట్టుబట్టాను. మధ్యాహ్నం బేరం లేనప్పుడు మీటరు కడ్డీ పట్టుకుని దుకాణంలోనే నడుము తిప్పేవాణ్ణి.

"ఏంది సేఠ్, నడుం పట్టిందా? దవాఖానకు పోదమా?" అని మా గుమాస్తా కంగారుపడ్డాడు.

చివరికి ఒక పొద్దున ఆ ఒడుపు చిక్కింది. చేతులు ఆగాయి. కాలు, నడుము, తర్వాతే చేతులు. బంతి నేను కలలో చూసుకున్నట్టే పోయింది. బంతి పడకముందే దోస్తు కోసం వెనక్కి తిరిగాను. వాడు దూరంగా మా తోడల్లుడి భుజం మీద చెయ్యేసి ఏదో చెబుతూ నవ్వుతున్నాడు. చూడలేదు.

కారు దగ్గరికి వచ్చాక దోస్తు అన్నాడు: "పేర్లిచ్చిన భాయ్. పోటీల మేమిద్దరం ఆడుతున్నం. నువ్వు తీస్కరాకుంటే గిసుంటి జోడి నాకు యాడ దొరుకుతుండె!"

నా చెయ్యి పట్టుకుని ఊపాడు. నిజంగానే నాకు రుణపడ్డాననుకుంటున్నాడు, మహానుభావుడు.

"ఔ" అన్నాను.

మా తోడల్లుడు అప్పటికే ముందు సీట్లో కూర్చున్నాడు. నేను వెనక తలుపు తీశాను.