మిసర్ మూట

నా కొడుకు పోయాడన్న కబురు పట్నం బస్సులో వచ్చింది. బస్సు నడిపే మనిషే మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, వాకిట్లో నిలబడి చెప్పాడు. జ్వరమని దవాఖానలో చేరినవాడు మళ్లీ లేవలేదట. అప్పటినుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. మగ్గం దగ్గరినుంచి వాకిట్లోకి, వాకిట్లోనుంచి లోపలికి. వాడు నేర్పిన అక్షరాలతోనే ఇది రాస్తూ, మధ్య మధ్య లేచిపోతున్నాను. తప్పులుంటే దిద్దుకొని చదవండి.

పాత వస్తువులు చూసి, అసలువో నకిలీవో చెప్పడం వాడి కొలువు. పోయిన ఎండాకాలం మా నల్లగొండలోనే ఒక సాబు పిలిపించాడు. హజ్‌కు పోయి వస్తూ మిసర్ దేశంలో, అదే ఈజిప్టులో, కొన్నవి ఆయన అల్మారాలో ఉన్నాయి. మిసర్ సామాను చూడబోతున్నానని వాడంటే, నేను మిశ్రీ అనుకున్నాను, కలకండ. "తియ్యగున్నదో లేదో చూసుడు గూడ కొలువేనారా? జర నాకింత కట్టుకరా" అన్నాను. సాయంత్రం నిజంగానే పొట్లం తెచ్చి, "అసలుదేనమ్మా, పరీక్ష చేసిన" అన్నాడు.

ఆ సాబు సామాన్లు సమాధుల్లోనివని తెలిశాక, నీళ్లు పోసుకోనిదే వాడిని గడప దాటనివ్వలేదు. వాడేమో వాటిని ముట్టే ముందు కూడా చేతులు కడుక్కునేవాడట. ఎందుకంటే, "మన మురికి వాళ్లకు అంటొద్దు గద" అన్నాడు.

రాతి పురుగుల బొమ్మలు నిన్నమొన్న చెక్కినవని, నీలం బొమ్మ ఒక్కటే పాతదని తేల్చాడు. సాబు ఒప్పుకున్నాడు. పేచీ బట్టపేలికలు చుట్టిన మూరెడు మూట దగ్గర వచ్చింది. లోపల రాజుగారి బిడ్డ శవం ఉన్నదని అమ్మినవాడు చెప్పాడట. కోసి చూద్దామన్నాడు సాబు. మా మగ్గం కింద ఆడుకొని పెరిగినవాడు కదా, అంచును వేళ్ల మధ్య పట్టుకొని, బట్ట అసలుదే అన్నాడు. లోపల బిడ్డో పిట్టో తెలియదన్నాడు. "తెల్వదనే చెప్త సాబ్. ఎవరో పానం పెట్టి చుట్టిన్రు. విప్పితె మల్ల గట్ల చుట్టేటోళ్లు లేరు."

ఆ మాట మీదే మూట కోయడం ఆగింది. వాడు పోగానే, కోయడానికి పట్నంనుంచి ఇంకొకరు వస్తున్నారని విన్నాను. మైల తీరకముందే సాబు ఇంటికి పోయి, గడప తొక్కకుండా బయటే నిలబడ్డాను. సాబు భార్య, పెద్దామె, పరదా వెనకదాకా వచ్చింది.

"నా కొడుకును దవాఖానోళ్లు మంచిగ చుట్టి పంపిన్రమ్మా," అన్నాను. "మొకం చూస్తనని నేనే విప్పిచ్చిన. మల్ల గట్ల కట్టరాలె నాకు. మీ మూటను విప్పనియ్యకుండ్రి."

ఆమె లోపలికి పోయింది. అల్మారా తాళం పడిన చప్పుడు వినిపించింది. మళ్లీ వచ్చి, "సాబు అడిగితె తాళంచెవి దొరకలేదని చెప్త, బిడ్డా" అంది.

పరదా కింద ఆమె చేతులు మాత్రమే కనిపించాయి. దుపట్టా అంచులో తాళంచెవిని ముడేసి, ఆ ముడి మీద ఇంకో ముడి వేస్తున్నాయి.