మెమోల నరహరి, తొమ్మిదో నంబరు గది

డాక్టర్ నరహరికి మెమో రాయందే పూట గడవదు. సూరత్‌లో ఓ పెద్ద బోధనాసుపత్రి ఎమర్జెన్సీ విభాగానికి ఆయన అధిపతి. తెల్లకోటు జేబులో ఎప్పుడూ ఓ పసుపు కాగితాల పుస్తకం, దాని మధ్యలో నలిగిపోయిన కార్బన్ పేపరు. ఈ రోజుల్లో కార్బన్ పేపరు ఎక్కడ దొరుకుతుందో ఆ భగవంతుడికి, నరహరికి తప్ప మూడోవాడికి తెలియదు.

పైగా ఆ గొంతొకటి! తండ్రి సోమలింగం తెలుగు నేల నుంచి బతుకుతెరువుకు వచ్చి పవర్‌లూమ్ షెడ్డులో పనివాళ్లను చూసే మాస్టరయ్యాడు. చిన్నప్పటి నుంచి సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు మీద మాట్లాడి మాట్లాడి, నరహరి చెవిలో రహస్యం చెప్పినా రెండంతస్తుల పైన ప్రసూతి వార్డులో పసిపిల్లలు ఉలిక్కిపడి లేచేవారు.

ఆయన దెబ్బ ఎక్కువగా తిన్నది ప్రసన్న. అదే ఊళ్లో నవాగామ్‌లో సాంచాలు నడిపే తెలుగువాళ్ల ఇంటి పిల్ల, పీజీ మూడో సంవత్సరం. ఆమె మొదటి మెమో కథ క్యాంటీన్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"ఏందమ్మా అది?" అన్నాడు నరహరి, రౌండ్స్ మధ్యలో ఆగి.

"ఏది సార్?"

"ఇప్పుడు నోరు తెరిచినవ్ గదా, అది."

"ఆవలింత సార్. ఆగలే."

"నీ ఆవలింతకు పేషెంట్ భయపడ్డడు. మెమో!"

"సార్, పేషెంట్ సోయి లేకుండ బేహోష్ ఉన్నడు సార్!"

"బేహోష్ ఉన్నోని ముంగట ఆవలిస్తవా? గిది ఇంకా పెద్ద తప్పు!"

అలా మొదలై మూడేళ్లలో పదకొండు. స్టెతస్కోపు మెడలో వేసుకుని దానికోసమే వార్డంతా వెతికినందుకు ఒకటి. ఒకే రోగిని వరసగా రెండుసార్లు పేరు అడిగినందుకు ఒకటి. లిఫ్టులో నిలబడి ఏ నంబరూ నొక్కకుండా పది నిమిషాల పాటు పైకి వెళ్తున్నాననుకున్నందుకు మరొకటి. తలుపు తెరుచుకుంటే ఎదురుగా నరహరి, చేతిలో పసుపు పుస్తకం. ఆ మెమో తీసుకున్నాక కూడా ప్రసన్న "నాలుగో అంతస్తు వచ్చిందా సార్?" అని అడిగింది. దానికి ఇంకోటి పడింది.

మెమోతో పాటు శిక్ష. కరోనా కాలంలో పీపీఈ కిట్లు దాచిన తొమ్మిదో నంబరు గదిలో మూడు గంటలు కూర్చుని "ఇకమీదట ఇలా చేయను" అని నూరుసార్లు రాయాలి. ఫోను బయట కాపలా ఉండే రాజనర్సు చేతికి ఇవ్వాలి. గడియ బయటనుంచి పడుతుంది. లోపల ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక ఫ్యాను, మందపాటి కర్టెన్లు, పెట్టడానికి వేరే చోటు లేదని పడేసిన ఒక మంచం. ఇన్నేళ్లలో ఆ నూరు వాక్యాలు పూర్తిచేసిన మొనగాడు లేడు. ప్రసన్న ఏడో వాక్యం దాకా వెళ్లింది. డిపార్టుమెంటులో అదే రికార్డు. నరహరి ఆ కాగితాలు ఒక్కసారి కూడా అడగలేదు. అది మాత్రం ఎవరికీ వింతగా తోచలేదు. తిట్లు పడ్డవాడికి తిట్టే గుర్తుంటుంది మరి!

ఆయన మెమోలకు పైవాళ్లూ కిందివాళ్లూ అన్న తేడా లేదు. కిందటేడు పెద్ద సెమినారు జరిగింది. "మహమ్మారి తర్వాత ఎమర్జెన్సీ వైద్యంలో నాయకత్వం" విషయం. వచ్చిన ప్రొఫెసర్లంతా రంగురంగుల స్లైడ్లు వేసి, బాణం గుర్తులతో నాయకత్వాన్ని నాలుగు దిక్కులకూ పరిగెత్తించారు. నరహరి వంతు వచ్చింది. మైకు దగ్గరికి వెళ్లాడు, మైకు పక్కకు నెట్టాడు (దాంతో ఆయనకేం పని?), ముందు వరసలో గురకపెడుతున్న ఒక అతిథి డాక్టరును చూశాడు. కిందికి దిగి ఆయన ఒడిలో మెమో పెట్టి, వెళ్లి కూర్చున్నాడు. అదే ఉపన్యాసం.

పన్నెండో మెమోతో ప్రసన్నకు తిక్క రేగింది. ఫైనల్ పరీక్ష నెల రోజుల్లో ఉంది, ఆ తర్వాత అక్కడే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలి. పన్నెండు మెమోలున్న పిల్లను ఎవరు తీసుకుంటారు? డీన్‌కు నాలుగు పేజీల ఫిర్యాదు రాసి పడేసింది. డీన్ వెంటనే విచారణ పెట్టాడు. తప్పు తేలితే నరహరి కుర్చీ పోతుంది.

విచారణకు ముందు రోజు మధ్యాహ్నం మెమోల కాపీల కోసం ప్రసన్న రాజనర్సు దగ్గరికి వెళ్లింది.

"కాకా, నా మెమోల ఫైల్ జర ఇయ్యవా?"

"ఏ ఫైలు డాక్టరమ్మా? సారు కాపీ నాకిచ్చి చింపెయ్యమంటడు. నేను చింపుతనే ఉన్న."

"మరి కార్బన్ పెట్టి రాసేది ఎందుకు?"

"నువ్వు భయపడాలె గదా!"

ప్రసన్న పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. రాజనర్సు తీరిగ్గా చెప్పుకొచ్చాడు. ఆయన ఒకప్పుడు సోమలింగం షెడ్డులో పనిచేసినవాడే.

"సారు వాళ్ల నాయిన గూడ గిట్లనే. సాంచాల నడుమ ఎవడన్న నిద్రకు తూలితే, 'మెషిన్ ఖరాబ్ చేసినవ్ గదరా!' అని షెడ్డు లేచిపోయేటట్టు తిట్టి, సాంచ బంద్ చేసి, వాన్ని మూలకు కూసోవెట్టి పానా వట్టుకొని తిప్పుకుంట నిలవడేటోడు. మెషిన్‌కు ఏం గాకపోవు. గంటసేపు వాడు పండేటోడు. షెడ్డు శేఠ్ ఏమో, మస్తు కడక్ మాస్టర్ దొరికిండని ఖుష్."

"సార్ మాతోని సీదా చెప్తే అయిపోవు గదా, పండుండ్రి అని!"

"సారు పైవాళ్లకు మూడు దరఖాస్తులు వెట్టిండమ్మా, పోరగాండ్లకు రెస్ట్ ఇయ్యుండ్రి అని. స్టాఫ్ లేరన్నరు. కరోనల సంపత్ సారు, నీ లెక్కనే గప్పుడు ఈడ పీజీ, ముప్పై గంటలు డ్యూటీ చేసి బండి మీద అమ్రోలిల ఇంటికి వోతుంటే బ్రిడ్జి మీద నిద్రవట్టింది. డివైడర్‌కు గుద్దిండు. నసీబ్ మంచిది, కాల్ల రాడ్‌తోని బయటవడ్డడు. ఇప్పుడు వల్సాడ్‌ల పెండ్లాం పిల్లలతోని మంచిగున్నడు. ఇగ అప్పటిసంది సారు రూల్ బుక్ మొత్తం సదివిండు. రెస్ట్‌కు రూల్ లేదంట. శిక్షకు ఉన్నదంట, మూడు గంటలు. గా మూడు గంటలు శిక్షవడ్డోల్ల జాగల హెచ్‌ఓడీ డ్యూటీకి నిలవడాల్నంట."

"అంటే... నేను లోపలుంటే నా పేషెంట్లను చూసింది?"

"ఇంకెవరు?" అన్నాడు రాజనర్సు.

పన్నెండు మూళ్లు ముప్పై ఆరు. లెక్క తనకు తెలియకుండానే కట్టేసి ప్రసన్న తల పట్టుకుంది. మనిషిని తిట్టుకుంటూ ముప్పై ఆరు గంటలు అతని పుణ్యాన నిద్రపోయింది. పైగా ఫిర్యాదు! అదీ నాలుగు పేజీలు!

మర్నాడు విచారణ. డీన్, ఇద్దరు ప్రొఫెసర్లు. నిజం చెబుదామా అంటే, ఆ గదిలో పడుకుంటున్నారని తెలిసిన మరుక్షణం దానికి తాళం పడుతుంది. చెప్పకపోతే నరహరి కుర్చీ పోతుంది.

"ఈ పిల్లలను గదిలో పెట్టి గడియ వేస్తున్నారట, నిజమేనా?" అని డీన్ హిందీలో అడిగాడు.

"నిజమే!" అన్నాడు నరహరి. కిటికీ అద్దాలు గలగలలాడాయి. "ఇకముందూ వేస్తాను!"

"ప్రసన్నా, మీరేమంటారు?"

ప్రసన్న లేచింది. "ఫిర్యాదు వాపసు తీసుకుంటున్నాను సార్. తప్పంతా నాదే. నేను పుట్టు బద్ధకస్తురాలిని. లిఫ్టు ఎక్కి నంబరు నొక్కని మనిషిని సార్! పన్నెండు మెమోలు చాలా తక్కువ. ఆ గదిలోంచి వచ్చాకే నా బుర్ర సరిగ్గా పనిచేసేది."

ఇందులో చివరి మాట అక్షరాలా నిజం.

డీన్ ముఖం వెలిగిపోయింది. "చూశారా! కరోనా తర్వాత అందరికీ క్రమశిక్షణ సడలిపోయింది. మనకు కావలసింది ఇలాంటి నాయకత్వమే! ప్రతి విభాగంలోనూ ఒక శిక్ష గది పెట్టండి."

వరండాలోకి వచ్చాక నరహరి ప్రసన్న వైపు కళ్లెర్రజేశాడు.

"కమిటీ ముంగట అబద్ధాలాడుతవా? మెమో!"

"థ్యాంక్స్ సార్," అంది ప్రసన్న.

వారం తిరక్కుండా ఎముకల విభాగం పీజీలు ముగ్గురు వచ్చి, మెమో పడాలంటే ఏం తప్పు చేయాలో చెప్పమని ఆమెను బతిమాలారు.

ప్రసన్న పరీక్ష పాసైంది, అదే విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసరుగా చేరింది. చేరిన రోజే ఒక పసుపు పుస్తకం కొంది. కార్బన్ పేపరు కోసం మాత్రం ఊరంతా తిరగాల్సి వచ్చింది. నెల తర్వాత ఓ మధ్యాహ్నం, ముప్పయ్యో గంట డ్యూటీలో ఉన్న నరహరి కళ్లద్దాలు కళ్లకే పెట్టుకుని, అవి కనిపించడం లేదని నర్సు మీద కేకలేస్తున్నాడు. ప్రసన్న నింపాదిగా పుస్తకం తీసి రాసి చేతిలో పెట్టింది.

"నాకే మెమోనా? హెచ్‌ఓడీని!" పైన పసిపిల్లలు లేచారు.

"రాజనర్సు కాకా, సార్ ఫోన్ తీస్కో."

"ఏం రూల్ ప్రకారం ఇచ్చినవమ్మా గిది?"

"మీరు ఏ రూల్ ప్రకారం ఇచ్చిండ్రో అదే సార్. మీ జాగల నేను నిలవడ్త. పోండ్రి."

నరహరి గొణుక్కుంటూ లోపలికి వెళ్లాడు. ఆ గొణుగుడు గేటు దాకా వినిపించింది. ఐదు నిమిషాల్లో గురక అందుకుంది, అదీ గేటు దాకా వినిపించింది. మూడు గంటలయ్యాక ప్రసన్న గడియ తీసి బల్ల మీది కాగితం చూసింది. "ఇకమీదట ఇలా చే" దగ్గర కలం కాగితం చివరిదాకా జారిపోయి ఉంది.

ఆమె తలుపు మళ్లీ చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది. శిక్ష ఇంకో గంట పొడిగించమని రాజనర్సుకు చెప్పి వార్డుకు వెళ్లిపోయింది.