ముందు గిన్నె

మా పుట్టింట్లో క్రిస్మస్ రోజు ఒక పద్ధతి ఉంది. కూర పొయ్యి మీంచి దిగాక, ఇంట్లోవాళ్ళెవరూ కంచం ముందు కూర్చోకముందే ఒక గిన్నె గడప దాటి వేరే ఇంటికి వెళ్ళాలి. దాన్ని ముందు గిన్నె అంటాం. తీసుకెళ్ళిన పిల్ల తిరిగి వచ్చేదాకా నాన్న కూడా చెయ్యి కడుక్కునేవాడు కాదు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో నాకు తెలియదు. గుడిలో పాస్టరుగారు చెప్పగా వినలేదు, బైబిల్లో చదివినట్టూ గుర్తులేదు. అమ్మ చేసేది, వాళ్ళమ్మ చేసేదట, అంతే.

మాది ఇంకొల్లు దగ్గర పల్లె. అమ్మా నాన్నా పత్తి తీతకీ మిరపకోతకీ వెళ్ళేవాళ్ళు. నా చిన్నప్పుడు మా ముందు గిన్నె వాళ్ళు పనిచేసే ఆసామి గారింటికి వెళ్ళేది. వాళ్ళు మా ఇంటి కూర తినరు కాబట్టి ఒక పళ్ళెం అరిసెలు పంపేవాళ్ళం. మోసుకెళ్ళేది నేనే. ఆసామి గారి భార్య పళ్ళెం అందుకుని, "బాగున్నాయే మీ అరిసెలు, మెత్తగా ఉన్నాయి" అనేది. ఆ మాట మోసుకుంటూ ఇంటికి పరిగెత్తేదాన్ని.

ఆరో తరగతిలో ఉన్నప్పుడు పళ్ళెం తీసుకోవడం మరిచిపోయి వెనక్కి వెళ్ళాను. దొడ్డివైపు నుంచి వెళ్ళేసరికి మా అరిసెలు కుడితి తొట్టిలో తేలుతున్నాయి. గేదె వాటిని నాలుకతో పక్కకి నెట్టి కుడితి తాగుతోంది. పళ్ళెం అరుగు మీద కడిగి బోర్లించి ఉంది. తీసుకుని వచ్చేశాను. అమ్మతో చెప్పలేదు.

తర్వాత గుంటూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివాను, పెళ్ళయింది, చీరాల వచ్చాం. మా ఆయన ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతాడు. మేడ మీద పోర్షన్ మాది, కింద ఇంటివాళ్ళు, మగ్గం నేసేవాళ్ళు. ఇక్కడ రెండు క్రిస్మస్‌లకి వాళ్ళకి బేకరీ కేకు ఇచ్చాను. బేకరీ కేకు అంటే ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు. అట్టపెట్టెలో వస్తుంది, దారంతో కట్టి ఉంటుంది, మా చెయ్యి తగలదు. ఇచ్చేసి మేం పల్లె బస్సెక్కేవాళ్ళం.

మొన్నటి క్రిస్మస్‌కి అలా కుదరలేదు. పాపకి జ్వరం వచ్చి తగ్గింది. పాపకి నాలుగేళ్ళు. జ్వరం తగ్గినా దాని నుదురు పట్టుకుని చూస్తూనే ఉండేదాన్ని. డాక్టరుగారు ప్రయాణం వద్దన్నారు. నాన్న పోయాక అమ్మ ఒక్కతే అక్కడ ఉంటోంది కాబట్టి తనే ఇక్కడికి వచ్చింది. సంచి నిండా అరిసెలు, చెక్కలు, గోంగూర పచ్చడి, పోయిన వేసవిలో కల్లంలో ఏరుకున్న కాయలు మరపట్టించిన కారం.

గ్యాసు పొయ్యి మీద పండగ కూర వండనంది. తెల్లారేసరికి డాబా మీద ఇటుకలు పేర్చి పుల్లలు రాజేసింది. కింద నుంచి పిన్నిగారి గొంతు వినిపించింది. ఇంటావిడని నేను పిన్నిగారంటాను.

"ఏందమ్మాయ్ పైన ఆ పొగ? ఇల్లు తగలబెడుతున్నారా?"

"మా అమ్మండీ, కూర వండుతోంది."

"మా నూలు ఆరేసింది ఆ పక్కనే. మసి పడితే మీ అమ్మతోనే ఉతికిస్తా."

"ఉతుకుతాలే," అంది అమ్మ పైనుంచి, మొహం కూడా చూపించకుండా.

గుడికి వెళ్ళి వచ్చేసరికి ఎముక నుంచి మాంసం వదిలేంత మెత్తగా ఉడికింది కూర. పొటేలు మాంసం, పైన ఎర్రటి నూనె తేలుతూ ఉంది. పలావు నేను వండాను. ఉల్లిపాయలు తరిగి పెరుగు పచ్చడి మా ఆయన చేశాడు. అప్పుడు అమ్మ అడిగింది, "ముందు గిన్నె ఎవరికే?"

"కింద ఇస్తాలే అమ్మా. కేకు తెప్పించాను."

"కేకు నువ్వు వండావా?"

"వాళ్ళు తింటారో లేదో..."

"తినకపోతే?"

పాప కొత్త గౌను వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది, గిన్నె తనే తీసుకెళ్తానని. నా భయమంతా అదే. అది మోసుకెళ్తుంది, వాళ్ళు నవ్వుతూ అందుకుంటారు, తర్వాత ఏదో ఒక రోజు నేను చూసిందే అదీ చూస్తుంది. పాపని లోపలికి పంపి, ఆ కుడితి తొట్టి సంగతి అమ్మతో మొదటిసారి చెప్పాను.

అమ్మ గరిట తిప్పడం ఆపలేదు. "నాకు తెలుసు," అంది.

"ఎట్లా?"

"ఆ దొడ్డి ఊడ్చేది ఎవరే? ఆ కుడితి కలిపేది ఎవరు? నేనే గదా."

"మరి ప్రతి ఏడూ ఎందుకు పంపావు?"

"పండగ నాది, పంపుతా. ఆమె తింటదో పారబోస్తదో ఆమె ఇష్టం. ఆమె పారబోసిందని నేను మానుకుంటే నా పండగ ఆమె చేతిలోకి పోలా?" అని హాట్‌బాక్సు తెరిచి పలావు వేసింది, దాని మీద కూర వేసింది, నాలుగు ముక్కలు ఎక్కువే. "పిల్లని పిలువు."

హాట్‌బాక్సు నేను పట్టుకున్నాను. అరిసెల పళ్ళెం పాప పట్టుకుంది. మెట్లు దిగుతుంటే ఒక చెయ్యి దాని వీపుకి దగ్గరగా పెట్టుకునే ఉన్నాను. పిన్నిగారు వరండాలో రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్నారు.

"మా అమ్మమ్మ వండింది. ముందు మీకే," అంది పాప.

ఆవిడ మూత తీసి చూశారు. "ఇవాళ గురువారం గదే తల్లీ. గురువారం మేం నీచు ముట్టం."

నిజంగా గురువారమే. అయినా నాకు ఆ తొట్టే కనిపించింది. "పర్లేదండి, పైన కేకుంది, అది తెచ్చిస్తాను," అని హాట్‌బాక్సు మీద చెయ్యి వేశాను.

ఆవిడ చప్పున దాన్ని తన వైపుకి లాక్కున్నారు. "ఎక్కడికే తీసకపోతున్నావ్? ఇచ్చినట్టే ఇచ్చి? ఫ్రిజ్‌లో పెట్టుకుని రేపు తింటాం. కేకు, కేకు! రెండేళ్ళ నుంచి ఆ కేకే గదా మా మొహాన కొడుతున్నావు. మీ ఇళ్ళల్లో పండక్కి పొయ్యి వెలిగించరా అనుకున్నా."

పాప చేతిలోని పళ్ళెంలోంచి ఒక అరిసె తీసి, విరిచి, నోట్లో వేసుకున్నారు. నమిలారు. మొహం చిట్లించారు. "ఎవరు పట్టారే ఈ పాకం?"

"మా అమ్మండీ."

"ముదిరింది. పళ్ళు ఊడుతున్నాయి. మీ అమ్మకి చెప్పు." అంటూనే రెండో ముక్క తీసుకుని, మగ్గం గుంటలో ఉన్న భర్తకి ఇంకోటి పంపారు, పాప చేతే.

పైకి వచ్చి అమ్మతో చెప్పాను. తొట్టి సంగతి విన్నప్పుడు కూడా అమ్మ మొహం అంతలా మారలేదు.

"ముదిరిందా? నా పాకమా? ఆవిడ కట్టుడు పళ్ళేమో కనుక్కో."

కానీ కంచాలు పరుస్తూ తనలో తను నవ్వుకుంటూ ఉంది. ఆసామి గారింట్లో ఏ ఏడూ ఎవరూ మా అరిసెలకి వంక పెట్టలేదు. ఎప్పుడూ బాగున్నాయనే అన్నారు.

అందరం చాప మీద కూర్చుని తిన్నాం. కారానికి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా మా ఆయన ఆపలేదు. జ్వరం తగ్గినప్పటి నుంచి పెరుగన్నం దాటని పాప, పలావులో కూర చారు కలిపి పెట్టమంది. వద్దనబోయాను. అమ్మ చూసిన చూపుకి కలిపి పెట్టాను. ముక్కు తుడుచుకుంటూ తిన్నది. నా ఇంట్లో, నా చేతి పలావుతో, మా అమ్మ కూరతో, ఎవరి దగ్గరా దాచకుండా తిన్న మొదటి పండగ అది. డాబా మీది మసాలా వాసన సందు చివరిదాకా వెళ్ళి ఉంటుంది. వెళ్ళనీ అనుకున్నాను.

ఇవన్నీ రాస్తుంటే పాప పక్కనే నిద్రపోతోంది. అలవాటుగా నుదురు పట్టుకుని చూశాను. చల్లగా ఉంది.

పండగ మర్నాడు మధ్యాహ్నం అమ్మ బస్సుకి బయల్దేరుతుంటే పిన్నిగారు పైకి వచ్చారు. హాట్‌బాక్సు తిరిగి ఇవ్వడానికి వచ్చారనుకున్నాను, చేతిలో అది లేదు. గడప లోపలికి వచ్చి, చాప మీద చతికిలబడి, "ఏమమ్మా, ఆ కారమేంది? మా ఆయన చెమటలు కక్కుతూ మళ్ళీ మళ్ళీ పెట్టించుకున్నాడు, నాకు అడుగుదే మిగిలింది. ఏమేం వేశావో చెప్పు," అన్నారు.

అమ్మ సంచి కింద పెట్టి తీరిగ్గా కూర్చుంది. ధనియాలు ఎంత దోరగా వేయించాలో, వెల్లుల్లి ఎప్పుడు దంచి వేయాలో, మంట ఎక్కడ తగ్గించాలో అన్నీ చెప్పింది. పిన్నిగారు తలాడిస్తూ విని వెళ్ళారు.

"గసగసాలూ ఎండుకొబ్బరీ చెప్పలేదేంటమ్మా? మర్చిపోయావా?" అన్నాను.

అమ్మ సంచి భుజానికి తగిలించుకుంది. "అన్నీ చెప్తే వచ్చే ఏడు మన గిన్నె కోసం ఎందుకు ఎదురుచూస్తదే," అని మెట్లు దిగింది.