మిరపకాయలు ఆరబోసిన ఇంటి గుర్తు

యాత్రలకెళ్లి గొడుగు పోగొట్టుకున్నవాళ్లు ఉంటారు. చెప్పులు పోగొట్టుకున్నవాళ్లకైతే లెక్కే లేదు. కానీ కట్టుకున్న భార్యను పట్టపగలు ఒక కొండ మీద కూర్చోబెట్టి, ఎక్కడ కూర్చోబెట్టానో మర్చిపోయిన ఘనుడు మా వినుకొండ చుట్టుపక్కల నేనొక్కణ్ణే. ఈ సంగతి మా ఊళ్లో అందరికీ తెలుసు. మా ఆవిడ మణి చెప్పేసింది. కాకపోతే చెప్పేటప్పుడు ఆమెకు మధ్యలో నవ్వొచ్చి కొన్ని ముక్కలు వదిలేస్తుంది. వదిలేసినవాటిని జనం తలా ఒక రకంగా పూరించుకుంటున్నారు. అందుకని నేనే పూర్తిగా చెప్పేస్తే నయమనిపించింది. మీరూ నవ్వుకోండి, ఎటూ పోయిన పరువే.

ముందు కాస్త నా గొప్ప చెప్పుకోనివ్వండి. మా చుట్టూ కనుచూపు మేర పత్తి చేలు, మిరప చేలు. ఎటు చూసినా బల్లపరుపు నేల. ఆ నేల మధ్యలో వినుకొండ కొండ. దాన్ని రోజూ తెల్లవారుతూనే ఎక్కి దిగుతాను. మిగతావాళ్లు సగంలో కూర్చుని ఆయాసపడుతుంటే నేను పక్కనుంచి నవ్వుతూ వెళ్లిపోతాను. అందరూ పల్లంలో ఉండే చోట ఒక్క కొండ ఎక్కేవాడికి తనంత కొండ మనిషి లోకంలో లేడనిపిస్తుంది. నాకూ అనిపించింది.

మణి నా మేనమామ కూతురు. చిన్నప్పుడు బావా అని పిలిచింది, ఇప్పటికీ అదే పిలుపు. వ్యవసాయంలో నాకంటే ఎక్కువ ఒళ్లు వంచిన మనిషి. ఈ మధ్యే మోకాళ్లు మొరాయిస్తున్నాయి. నిరుడు పొలం కౌలుకిచ్చేసి, వంటవాళ్లతో సహా వెళ్లే యాత్రా బస్సులో హిమాలయాలకు బయలుదేరాం. బస్సులో అందరికీ దేవుళ్ల మీద ధ్యాస. మణికి మాత్రం ఒకటే కోరిక.

"మంచుకొండ చూడాలి బావా. దగ్గరికి పోకపోయినా పర్లేదు. ఒక్కసారి కళ్లతో చూస్తే చాలు."

"నేను చూపిస్తాగా," అన్నాను, ఆ కొండలు మా నాన్న పంచి ఇచ్చినట్టు.

సగం దారిలో కొండచరియ విరిగిపడి బస్సు ఆగిపోయింది. మర్నాటిదాకా కదలదన్నారు. మేమున్నది లోయ అడుగున. తల పూర్తిగా వెనక్కి వాలిస్తే తప్ప ఆకాశం కనపడదు, ఇక మంచేం కనపడుతుంది. రోడ్డు పక్కన టీ కొట్టతను చేత్తో పైకి చూపించాడు. పైన ఒక పల్లె ఉందట. పల్లె దాటి శిఖరం అంచుదాకా నడిస్తే ఎదురుగా అన్నీ మంచుకొండలేనట. తోడు మనిషిని పంపిస్తానన్నాడు. నేను నవ్వి వద్దన్నాను.

"తీసుకుపోదాం బావా. మనకి దారి తెల్దు," అంది మణి.

"కొండెక్కడానికి దారేందే? పైకి పోతే ఎక్కడం, కిందికొస్తే దిగడం. నేను రోజూ చేసేదేగా."

"నువ్వు రోజూ ఎక్కేదానికి మెట్లున్నాయి. దిగంగానే ఇడ్లీ బండి ఉంది."

ఆ మాట విననట్టే ముందు నడిచాను. కంచరగాడిదలు తిరిగే సన్నటి బాట. నడుస్తుంటే ఒక సంగతి తెలిసొచ్చింది. మా పల్నాట్లో ఏదైనా ఒకసారి కంటపడితే అది మన చేతిలో ఉన్నట్టే. దూరాన వచ్చే మనిషి నడకను బట్టే ఫలానావాడని చెప్పేస్తాం, వాడు మన దగ్గరికొచ్చేదాకా కనపడుతూనే ఉంటాడు. ఇక్కడ అలా కాదు. మలుపు తిరిగితే అప్పటిదాకా చూసిన ఊరు లేదు. ఇంకో మలుపు తిరిగితే లోయ అవతల ఉందనుకున్నది ఇవతల ఉంది. కొండల్లో కంటికి కనపడటం, ఉండటం రెండూ వేర్వేరు సంగతులు. ఇంత లోతైన ఆలోచన వచ్చాక మనిషన్నవాడు జాగ్రత్త పడాలి. నేను మాత్రం ఇంత లోతైన ఆలోచన నాకు వచ్చినందుకు మురిసిపోయాను.

పల్లె వచ్చింది. అన్నీ ఒకే తీరు ఇళ్లు, నల్లటి పలకరాళ్ల కప్పులు. వాటి మధ్యన ఒక్క ఇంటి కప్పు మాత్రం ఎర్రగా మెరుస్తోంది. దగ్గరికెళ్లి చూస్తే మిరపకాయలు. మాకిద్దరికీ ప్రాణం లేచొచ్చింది. అన్ని రోజులుగా ఎవరి భాషా తెలీక, ఎవరి తిండీ నచ్చక తిరుగుతున్నవాళ్లకు అక్కడ మేనత్త ఎదురైనంత సంతోషం కలిగింది.

"చూశావా బావా, కప్పు మీద ఆరబోశారు. నేల మీద జాగా లేదు పాపం," అంది మణి.

నేను ఫోను తీశాను. "పక్కకి జరుగు. కాయలు పడటల్లేదు."

జరిగింది. "ఇంకొంచెం." ఇంకొంచెం జరిగింది. బ్రహ్మాండంగా వచ్చింది ఫొటో.

మణికి మోకాళ్లు పట్టేశాయి. ఆ ఇంటి పెద్దావిడ బయటికొచ్చి, మణి నడక చూసి, ఏమీ అడక్కుండా ఒక పీట తెచ్చి వేసింది. ఇద్దరూ ఒకరి మోకాళ్లు ఒకరికి చూపించుకుని నవ్వుకున్నారు. అంతటితో పరిచయాలు అయిపోయాయి.

"నువ్విక్కడ కూర్చో. నేను పైదాకా పోయి చూసొస్తా. మంచు కనపడితే వచ్చి నిన్ను మెల్లగా తీసుకుపోతా," అన్నాను.

"నా ఫోను బస్సులోనే ఉండిపోయింది. ఈ ఇల్లు నీకెట్టా తెలుస్తది?"

"ఎర్రగా ఉందిగా. ఊరంతటికీ ఒక్కటే. విమానంలోంచి చూసినా కనపడుద్ది."

"ఇంటి పక్కన ఏముందో అది కూడా చూసుకో బావా."

"చూశాలే." చూడలేదండీ. తలుపుకి రంగుందో లేదో, ముందు చెట్టుందో గొడ్డుందో, ఏదీ చూడలేదు. పెద్దావిడ మొహం కూడా సరిగ్గా చూడలేదు. అంత ఎర్రటి గుర్తు ఉండగా చిల్లర గుర్తులు ఎందుకనుకున్నాను.

శిఖరం అంచుకి చేరేసరికి నా ఊపిరి నా దగ్గర లేదు. ఎదురుగా తెల్లగా ఉంది. మంచు కాదు, మబ్బు. హిమాలయం ఉందో సున్నం కొట్టిన గోడ ఉందో చెప్పలేని తెలుపు. కాసేపు నిలబడ్డాను, తొలగుతుందేమోనని. తొలగకపోగా నా మీదికే వచ్చింది. చినుకులు మొదలయ్యాయి. మణికేం చెప్పాలా అని ఆలోచించుకుంటూ దిగాను. చూశానని అబద్ధం చెప్పేద్దామా అనుకున్నాను. అసలు కష్టం అది కాదని అప్పటికి తెలియదు.

ఊరు దొరికింది. ఎర్ర కప్పు దొరకలేదు.

మొదట నవ్వొచ్చింది. ఇంకో మలుపు తిరిగితే కనపడుతుందిలే అనుకున్నాను. తిరిగాను. నల్ల కప్పులు. పైసందులోంచి కిందిసందుకి, కిందిసందులోంచి పైసందుకి తిరిగాను. అన్నీ నల్లగా, తడిగా, ఒక్క తల్లి బిడ్డల్లా ఉన్నాయి. ఇది ఆ ఊరేనా అని అనుమానం వచ్చింది. "మణీ," అని కేకేశాను. మా చేలో అయితే ఆ కేక మనిషికి తగిలి ఆగుతుంది. ఇక్కడ ఎదురుకొండకి తగిలి తిరిగొచ్చి, మణీ అని నన్నే పిలిచింది.

అప్పుడు భయమేసింది. నిజంగా భయమేసింది, దాచుకోవడమెందుకు. పొద్దు వాలుతోంది. భాష రాని ఊళ్లో, చేతిలో ఫోనైనా లేకుండా, నా మాట నమ్మి కూర్చుంది. ఎవరన్నా "ఎలా ఉంటుంది మీ ఆవిడ" అనడిగితే ఏం చెప్పాలి? ఆ పూట ఏ చీర కట్టిందో గుర్తు రావట్లేదు. ఫోను తీసి ఫొటో చూశాను. నిండా కాయలు, ఒక్కో కాయ తొడిమతో సహా కనపడుతోంది. ఓ మూల మణి మోచెయ్యి. పక్కకి జరగమన్నానుగా, జరిగింది.

గడ్డిమోపు మోసుకుంటూ ఒకావిడ వచ్చింది. ఫొటో చూపించాను. నా హిందీ గురించి చెప్పాలి. ఉత్తరాది వ్యాపారులతో మిర్చి బేరాలాడి నేర్చుకున్నది. సరుకు గురించి ఎంతసేపైనా మాట్లాడగలను. మనుషుల గురించి ఒక్క ముక్క రాదు.

"మిర్చీ. ఘర్. మిర్చీ ఘర్," అన్నాను.

ఆవిడ ఫొటో చూసి నవ్వి, రమ్మని సైగ చేసి, నేరుగా ఒక ఇంటి ముందు నిలబెట్టింది. కప్పు చూశాను. నల్లగా ఉంది.

"నహీ, నహీ. లాల్. లాల్ ఘర్," అన్నాను, ఎర్రగా ఉండే ఇల్లని.

ఆవిడ ఇదే అంటుంది, నేను కాదంటాను. చివరికి నా తెలివికి దండం పెట్టినట్టు తలూపి తన దారిన పోయింది. ఈలోగా ఇంటి పక్కనుంచి ఆ ఇంటివాడిలాగే ఉన్న మనిషి, పెళ్లీడు దాటినవాడే, గొడ్డలి భుజాన పెట్టుకుని వచ్చాడు. "మిర్చీ?" అన్నాడు. ఫొటో చూపించాను. అతని మొహం వెలిగింది. గొడ్డలి పక్కన పెట్టి, లోపలికెళ్లి, గంపెడు కాయలు తెచ్చి నా ముందు పెట్టాడు. నన్ను కొనుగోలుదారుననుకున్నాడు.

ఇక్కడ మీరు నన్ను క్షమించాలి. భార్య తప్పిపోయిన మనిషి ఆ గంపను తోసేసి పరిగెత్తాలి. నా చెయ్యి నా మాట వినలేదు. దానంతటది గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడించింది. గింజ గలగలమనలేదు. ఒక కాయ విరవబోతే మెత్తగా వంగింది. ఇంకొకటి చించి చూశాను.

"గీలా మాల్," అన్నాను. తడి సరుకని. ఆ మాట నాకు బాగా వచ్చు.

అతని మొహం మాడిపోయింది. అంతటితో ఆగినా బాగుండేది. అప్పటిదాకా పట్టుకుని ఉన్న భయం, కోపం అన్నీ కలిసి తెలుగులో బయటికొచ్చాయి.

"చుక్క పడకముందే ఎత్తేసుకోవద్దా? చేతికొచ్చిన కాయల్ని తడుపుకుంటారా ఎవరన్నా? ఏ దద్దమ్మ ఎత్తిందో గానీ..."

"నేనే బావా ఆ దద్దమ్మని."

గుమ్మంలో మణి. తల మీద పెద్దావిడ దుప్పటి, చేతిలో టీ గ్లాసు. ముదురాకుపచ్చ చీర. ఇప్పుడు ఎప్పుడడిగినా చెప్తాను.

"మబ్బేసింది. కొడుకేమో కట్టెలకి పోయాడు. పాపం పెద్దావిడ ఒక్కతే గంప పట్టుకుని దిక్కులు చూస్తంది. చూస్తా కూర్చోమంటావా? కప్పెక్కి నేనే ఎత్తా. ఆఖర్న నాలుగు చినుకులు పడ్డాయి, దానికింత వంక పెడతావా?"

"మోకాళ్లు లేవట్లేదన్న మనిషివి, కప్పెక్కావా?"

"మబ్బేసింది బావా," అంది మళ్లీ, ఇంకేం చెప్పాలన్నట్టు.

నిజమే, ఇంకేం చెప్పాలి. కళ్లంలో కాయలుండగా మబ్బేస్తే కంచం ముందునుంచి లేచి పరిగెత్తిన మనిషి. నేను చెయ్యి కడుక్కుని వెళ్లేసరికి సగం కాయలు కుప్పచేసి పట్ట కప్పేసేది. ఏళ్ల తరబడి మా పంట అలా దక్కింది. అలాంటి మనిషిని ఆరబోసిన కాయల పక్కన కూర్చోబెట్టి, ఆ కాయల్నే గుర్తు పెట్టుకుని, మబ్బులోకి నడిచి వెళ్లానన్నమాట. ఏ పట్నపువాడో చేశాడంటే సరే. మిరప పండించేవాడు చేసే పనేనా ఇది?

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆమె చూడకుండా గబుక్కున తుడుచుకున్నాను. కాయలు చించిన చేత్తోనే.

ఆ తర్వాత కాసేపు ఏం జరిగిందో నేను విన్నదే చెప్పగలను. పెద్దావిడ నీళ్లు తెచ్చి మొహాన కొట్టింది. ఆమె కొడుకు దేవుణ్ణి తలుచుకున్నాడు. ఉన్నట్టుండి అందరూ నన్ను వదిలేశారు. మణి నా భుజం పట్టుకుంది.

"బావా. మబ్బు తొలిగింది. కొండలు కనపడుతున్నయ్."

"ఎక్కడే?"

"ఇక్కడే, వాకిట్లో నుంచే. కళ్లు తెరువు."

తెరిచాను. మంట తప్ప ఏమీ లేదు. మళ్లీ మూసుకున్నాను. "నువ్వు చూడు. ఎట్టా ఉందో నాకు చెప్పు," అన్నాను.

 ఆమె నా భుజం మీద చెయ్యి తీయలేదు. మెల్లగా అంది. "మనింటి ముందు పత్తి కుప్ప పోసినట్టుంది బావా. పైన మాత్రం ఎండ పడి, పండు మిరప రంగొచ్చింది."

నాకు కళ్లు తెరిపిన పడేసరికి కొండలు లేవు, చీకటి పడుతోంది. పెద్దావిడ కొడుకు లాంతరు పట్టుకుని మమ్మల్ని బస్సుదాకా దింపాడు. ఇప్పటికీ ఎవరన్నా హిమాలయాలు చూశారా అనడిగితే చూశాననే చెప్తాను. మణి చెప్పింది విన్నానుగా, అది చాలు.

కాబట్టి రోజూ ఎక్కే మా కొండ మీద ఒట్టేసి, పెద్దల సమక్షంలో ప్రకటిస్తున్నాను. ఇకమీదట ఏ కొండకెళ్లినా, ఏ ఊరెళ్లినా, మబ్బేస్తే మా మణి ఎత్తగలిగే వస్తువు దేన్నీ నేను గుర్తుగా పెట్టుకోను. మణినే గుర్తు పెట్టుకుంటాను. ఫొటో తీసేటప్పుడు ఆమెను పక్కకి జరగమనను.

ఇదంతా రాసి మణికి చదివి వినిపించాను. కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"బానే ఉంది గానీ, అసలుది మర్చిపోయావు. ఏడుపొస్తే ముందు చేతులు కడుక్కుంటానని కూడా రాయి బావా."

రాశాను.