గేటు దగ్గరే ఆగిన ఎస్సై

మా పెద్దమ్మ మొన్న శనివారం ఇంట్లోనే చనిపోయింది. చర్చి వాళ్లు ఫ్లెక్సీ మీద ‘ప్రభువునందు నిద్రించారు’ అని రాయించారు. కావచ్చు. కానీ కథ మధ్యలో నిద్రపోయే మనిషి కాదామె. కోదాడకూ మిర్యాలగూడకూ హాలియాకూ ఫోన్ చేసి కబురు నేనే చెప్పాను. తప్పకుండా చెప్పాల్సిన ఒక్కరికి మాత్రం చెప్పలేకపోయాను. ఆయన నంబరు నా దగ్గర లేదు. సూర్యాపేట డయాలసిస్ వార్డులో పెద్దమ్మ పక్క మంచం ఆయన.

పెద్దమ్మ మిర్యాలగూడలో ఇంగ్లీషు టీచరుగా చేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, “నాకు కావాల్సినోడు గుర్రమెక్కి పుస్తకాలల్లనే తిరుగుతున్నడు, కిందికి దిగితె గదా” అనేది. చర్చికి విదేశాల నుంచి పాత పుస్తకాల పెట్టెలు వచ్చేవి. అందరూ బైబిలు వాక్యం పుస్తకాలు ఏరుకుంటే ఈమె ప్రేమకథలు ఏరుకునేది. అన్నీ ఒకే తీరు. టోపీ పెట్టుకున్న పోలీసాయన, కనుచూపు మేర పశువుల దొడ్డి, ఒకరి మొహం ఒకరు చూడకూడదనుకునే జంట, మధ్యమధ్య ప్రార్థన. ముద్దంటూ ఉంటే చివరి పేజీలో, అదీ పాస్టరు గారి ఎదుట. నేను నవ్వితే ఆమెకు కోపం వచ్చేది. నిజానికి నేను పదో తరగతి ఇంగ్లీషు గట్టెక్కింది ఆ పుస్తకాల పుణ్యాన, ఆమె ఓపిక పుణ్యాన.

కిడ్నీలు పాడయ్యాక ఆమెను మా ఇంటికి తెచ్చుకున్నాను. రోజు విడిచి రోజు దవాఖానకు తీసుకెళ్లేదాన్ని. పక్క మంచం ఆయన గరిడేపల్లి నుంచి ఒక్కడే బస్సులో వచ్చేవాడు. రిటైరైన హెడ్ కానిస్టేబుల్. భార్య పోయింది. ముక్కు మీదే కోపం. సూది గుచ్చగానే, “ఇగ నాతోని కాదు. రేపటిసంది రాను, సస్తె సస్త” అని వార్డంతా వినబడేలా అరిచేవాడు. అన్నట్టే కొన్నాళ్లు ఎగ్గొట్టాడు కూడా. చివరికి ఊపిరాడక ఆయాసపడుతుంటే ఎవరో తెచ్చి పడుకోబెట్టారు. ఆ రోజు పెద్దమ్మ, ఎవరూ అడగకుండానే, “ఒక ఊర్ల ఒక ఎస్సై ఉండెనంట” అని మొదలుపెట్టింది.

గుర్రమెక్కి తిరిగే ఆ ఎస్సై దొంగతనం కేసులో ఒక కుర్రాణ్ణి జైలుకు పంపిస్తాడు. ఆ కుర్రాడి అక్క ఒంటరిగా పశువుల దొడ్డి నడుపుకుంటూ ఉంటుంది. ఎస్సై ఆమె మీదే మనసు పడతాడు.

“తమ్మున్ని లోపలేసినోన్ని ఎవలన్న చేసుకుంటరా టీచరమ్మా?” అన్నాడాయన.

“చేసుకోరు. అందుకే కథ అయింది హెడ్డుగారూ.”

“ఎస్సైకి గుర్రమెందుకు? జీపేమైంది?”

“రిపేరుకు పోయింది. మీ స్టేషన్ల ఎన్నడు పోలేదా?”

ఆయన నవ్వగా చూడటం నాకదే మొదటిసారి. ఎదురు మంచం మీది మఠంపల్లి ఆమె, కథలో ఆ అక్క చేసే ప్రార్థనలు ఎన్నాళ్లకూ ఫలించకపోయేసరికి, ఎల్లమ్మకు కూడా ఒక మొక్కు మొక్కమని సలహా ఇచ్చింది. “అడిగి సూస్త” అంది పెద్దమ్మ.

ఆ తర్వాత హెడ్డుగారు ఒక్కసారీ మానలేదు. మాకంటే ముందే వచ్చి, బస్సులో సీటుకు వేసినట్టు, కిటికీ పక్క మంచం మీద తన తువ్వాల వేసి ఉంచేవాడు. ఎవరైనా కూర్చోబోతే “మనిషున్నది, వస్తున్నది” అని గద్దించేవాడు. పెద్దమ్మ రాగానే తువ్వాల తీసి, దులిపి, భుజాన వేసుకునేవాడు. డయాలసిస్‌కు ఇస్త్రీ చీరెందుకు పెద్దమ్మా అంటే ఆమె వినేది కాదు.

కథ మాత్రం తెమిలేది కాదు. ఎస్సై దొడ్డి గేటు దాకా వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని, లోపలికి వెళ్లాలా వద్దా అని ఆగిపోయాడు. వాన కురిసి వెలిసింది, ఆవు ఈనింది, ఆయన మాత్రం గేటు దగ్గరే. ఒకరోజు ఆటోలో నేను విసుక్కున్నాను.

“ఇంక పెళ్లి చేసెయ్ పెద్దమ్మా, పాపం.”

“చేసేస్తె హెడ్డుగారు ఎల్లుండి వస్తడా?” అంది రోడ్డు వైపు చూస్తూ. మళ్లీ తనే, “తొందరగ అయిపోయే కథల ప్రేమ ఉండదే, పెండ్లే ఉంటది” అంది.

సమాధి కార్యక్రమం అయ్యాక ఆమె దిండు పక్కనున్న పుస్తకం తీసి చదివాను. అదే ఎస్సై కథ. మిగతా పుస్తకాల్లా కాక, ఇందులో వాళ్లకు సగంలోనే పెళ్లయిపోయింది. అందులో అసలు గేటే లేదు. ఎన్ని వారాలుగా ఆమె ఆ గేటును ఒక్కతే పట్టుకుని నిలబడిందో అప్పుడు తెలిసి ఏడ్చాను. నాకా, కథలు చెప్పడం రాదు. మెడికల్ షాపులో బిల్లులు వేసే మనిషిని.

అయినా డయాలసిస్ రోజున వార్డుకు వెళ్లాను. కిటికీ పక్క మంచం మీద తువ్వాల ఉంది. హెడ్డుగారు నన్ను చూసి, నా వెనక తలుపు వైపు చూశాడు.

“టీచరమ్మ ఏది బిడ్డా?”

చెప్పాను. పక్కన మిషన్ తిరుగుతూనే ఉంది.

“మరి ఎస్సై?” అన్నాడు.

పుస్తకం నా సంచిలోనే ఉంది. పెళ్లయిందని చెబితే ఆయన మళ్లీ రాడు. కాలేదని చెబితే తర్వాతి ముక్క నా దగ్గర లేదు. మీరే చెప్పండి, నేనేం చెయ్యాలి? నా జీవితంలో అంత చేతకానితనం నాకెప్పుడూ అనిపించలేదు.

“ఇంకా గేటు దగ్గరే ఉన్నాడు బాబాయ్.”

“ఎల్లుండన్న లోపలికి పోతడా?”

“ఏమో బాబాయ్. ఎల్లుండి చూద్దాం” అన్నాను. నా మాట నాకే నమ్మబుద్ధి కాలేదు.

అంతలో సిస్టర్ ఒక కొత్త పేషెంటును వెంటబెట్టుకుని వచ్చి, ఆ తువ్వాల తియ్యమంది. హెడ్డుగారి ఒక చేతికి సూదులున్నాయి. రెండో చెయ్యి చాపి తువ్వాల కొస పట్టుకున్నాడు. లాగలేదు, వదల్లేదు. కొత్తాయన మంచం పక్కన అలాగే నిలబడ్డాడు.