యాకూబ్ భాయ్ పదును పట్టిన ఎముక కత్తి

మార్కాపురంలో రోగుల కండముక్కలు పరీక్ష చేసే ల్యాబు ఒకటి ఉంది. అందులో యాకూబ్ భాయ్‌ది కత్తుల పని. మైనంలో బిగిసిన ముక్కను వెంట్రుక కంటే పల్చగా కోయాల, గాజు స్లైడు మీద పరచాల, రంగెయ్యాల. అప్పుడు డాక్టరు మైక్రోస్కోపులో చూసి జబ్బేందో చెప్తాది. మెత్తటి ముక్కలకు వాడి పారేసే బ్లేళ్లు వచ్చినాయి. ఎముక ముక్కలకు మాత్రం ఆ ల్యాబులో ఇప్పటికీ జానెడు ఉక్కు కత్తే.

ఆ కత్తికి పదును పట్టేది పాత ఆటోమేటిక్ మిషను. యాకూబ్ భాయ్ పదిహేనేళ్ల వయసు నుంచి పలకల ఫ్యాక్టరీలో రాయి సానబట్టినాడు. అది మూతబడినాక పన్నెండేళ్ల కింద ల్యాబులో అటెండరుగా చేరినాడు. మిషను పని ఆయనకు ఎవరూ నేర్పలేదు.

"రాయిని సాపు చేసినోడికి ఉక్కు ఒక లెక్కా అనుకున్నా. మొదటి వారమే ఒక కత్తిని రంపం చేసి పెట్టినా," అని నవ్వుతాడు.

మిషనులో గాజు ప్లేటు ఉంటది. దాని మీద నూనెలో కలిపిన సాన పౌడరు పూస్తాడు. కత్తి వీపును దాని ఇనుప పట్టీలో బిగిస్తాడు. ఏ కత్తి పట్టీ ఆ కత్తికే. మారితే పదును వాలు మారిపోతది, అందుకని ఒకదానికి ఎర్ర చుక్క, ఇంకోదానికి పచ్చ చుక్క పెట్టుకున్నాడు. స్విచ్చి వేస్తే కత్తి తనంతట తనే ప్లేటు మీద అటూ ఇటూ పోతది, కాసేపటికి తనే బోర్లా తిరుగుతది. తనే తిరుగుతది గదా అని ఈయన పక్కకు పోడు. స్టూలు వేసుకొని శబ్దం వింటా కూర్చుంటాడు. ముతక పౌడరుకు ఒక ప్లేటు, సన్న పౌడరుకు ఇంకోటి. ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీదికి మార్చేటప్పుడు కత్తి కడగాల్సిందే.

పని మొదలుపెట్టేముందు ప్లేటు మీద అరచెయ్యి ఆనించి ఈ చివర నుంచి ఆ చివరదాకా జరిపేవాడు. గుంట పడింటే చేతికే తెలిసేది. పలకల ఫ్యాక్టరీలో అందరూ సాపు చూసేది అట్లనే.

పోయిన ఆగస్టులో చంద్రశేఖరపురం పక్క పల్లె నుంచి మణెమ్మ అని కూలికి పోయే ఆమె వచ్చింది. మోకాలి కింద ఎముకలో వాపు. ఆసుపత్రిలో ఎముకను తొలిచి శనగగింజంత ముక్క తీసి పంపినారు. అది కాన్సరా, కాదా తేలాల.

కోసేది వహీదా, టెక్నీషియను. మొదట కోసిన పల్చటి పొరలే నిండా గీతలతో వచ్చినాయి.

"మామూ, ఏందీ గీతలు? కత్తి ఇచ్చినావా, దువ్వెన ఇచ్చినావా?"

"నిన్ననే పట్టినా గదా, బేటీ."

ఆమె కత్తిని పక్కకు జరిపి, అంచులో ఇంకో చోటుతో కోసింది. మళ్లా గీతలే. అప్పటికే ముక్క సగం అయిపోయింది.

డాక్టరు అంజలి స్లైడు చూసి తల అడ్డంగా తిప్పింది. "వీటిల్లో నాకేం కనపడదు. ఇంకెన్ని పొరలు వస్తాయి, వహీదా?"

"మహా అయితే పది, మేడం."

"అయితే దీన్ని ముట్టుకోవద్దు. ముందు, పని అయిపోయిన పాత ఎముక మైనం బ్లాకు ఒకటి బాగా కోసి చూపించండి."

యాకూబ్ భాయ్ మళ్లా పదును పట్టినాడు. పాత బ్లాకు మీదా గీతలే. నూనె మార్చినాడు, పౌడరు మార్చినాడు. రెండు రోజులు పోయినాయి. బయట బెంచీ మీద మణెమ్మ.

"ఏందన్నా, నా ఎముక అంత గట్టిదా?"

"నీ ఎముకది కాదు చెల్లీ, మా కత్తిది."

"ఇంటికాడ కొడవలి ఉంది, తెమ్మంటావా?" అని నవ్వి, మళ్లీ తనే అనింది. "ఇంకోసారి తొలుస్తామంటే మాత్రం నేను రాను. ఏమైతే అదే కానీ. ఒకసారికే పానం పోయి వచ్చింది."

మూడోరోజు వహీదా వచ్చి మిషను పక్కన నిలబడింది. ఆయన ప్లేటు కడిగినాడు, తుడిచినాడు, అరచెయ్యి ఆనించి జరిపినాడు.

"చెయ్యెందుకు పెట్టినావు?"

"సాపు చూడొద్దా?"

"ఏదీ, చూపించు."

సబ్బుతో కడిగిన చెయ్యే. కంటికి ఏమీ లేదు. వహీదా సెల్లోటేపు ముక్క ఆ అరచేతికి అద్ది, స్లైడుకు అంటించి మైక్రోస్కోపు కింద పెట్టింది. చూసి పక్కకు జరిగింది. ఈసారి ఆయన చూసినాడు. నల్లటి రవ్వలు, మధ్యమధ్యలో మెరుస్తా.

నెలగా యాకూబ్ భాయ్ పొద్దున్నే తమ్ముడు అబ్రార్ నడిపే బండల షెడ్డుకు పోయి సానబట్టి వస్తున్నాడు. అబ్రార్‌కు నడుము పట్టేసింది, బండల సానకు మనిషి లేడు.

"పలకరాయి పొడి అది," అన్నాడు మెల్లగా. "చేతి పగుళ్లలో దూరితే సబ్బుకు పోదు. నా నిఖా రోజు కూడా పోలేదు."

తనే పోయి డాక్టరుకు చెప్పినాడు. "మిషనుది తప్పు లేదు మేడం. నా చేతిదే."

"చెయ్యి ఇంటికాడ పెట్టి రాలేవు గదా, భాయ్. గ్లౌజు వేసుకో."

గ్లౌజు వేస్తే గుంట తెలియదు. అందుకని స్టీలు స్కేలును ప్లేటు మీద నిలువుగా ఆనించి, వెనక టార్చి పెట్టినాడు. వెలుతురు కారితే అక్కడ గుంట ఉన్నట్టు. పెట్టెలోని కొత్త ప్లేటు తీసినాడు, కొత్త పౌడరు డబ్బా విప్పినాడు, ముతక నుంచి అన్నీ మళ్లా మొదలు. సగం రోజు పట్టింది. వహీదా కత్తి అంచును మైక్రోస్కోపులో చూసింది. ఎక్కడా పళ్లు లేకుండా ఒకటే సాపు గీత. పాత బ్లాకు శుభ్రంగా తెగింది.

అప్పుడు మణెమ్మ ముక్కను కోసే మిషనుకు ఎక్కించినారు. మొదటి పొరలు రెండు మడతబడినాయి. తరవాతవి అయిదు, పొర మడతలు పోయేదానికి పెట్టిన గోరువెచ్చటి నీళ్ల మీద చదునుగా పరుచుకున్నాయి. "ఆపు, ఇంక చాలు," అన్నాడు యాకూబ్ భాయ్.

డాక్టరు స్లైడు చూసి తేల్చింది. కాన్సరు కాదు. ఎముకకు పట్టిన టీబీ. మాత్రలు మింగాల.

రిపోర్టు చేతికిస్తా ఆయన ఉన్నమాట చెప్పినాడు. "నీ ముక్కలో సగం నా వల్లనే పాడైంది చెల్లీ. నా చేతి దుమ్ము కత్తికి తగిలింది."

మణెమ్మ ఆయన మొహం చూసింది. "సగం మిగిల్చినావు గదా. మళ్లా తొలిచేది లేదు గదా?"

"లేదు."

"ఇందులో రాసి ఉందా అట్లని?"

ఆయనకు ఇంగ్లీషు అంతగా రాదు. వహీదాను పిలిచినాడు. ఆమె ప్రతి లైనూ చదివి తెలుగులో చెప్పింది. మణెమ్మ ఆఖరిదాకా విని, కవరు సంచిలో పెట్టుకొని, మాత్రలు ఎక్కడిస్తారో రెండుసార్లు అడిగి, కర్ర ఆనించుకుంటా ఆ దిక్కే పోయింది.