కీ ఇవ్వక్కర్లేని వాచీ

కనకం పెళ్లై బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి బిలాస్‌పూర్ రైల్వే క్వార్టరుకొచ్చిన రోజున అత్తగారు ఆమెకు మొదట చూపించింది వంటగది కాదు, బంగారు వాచీ. మామగారు ఒకప్పుడు ఇంగ్లీషు దొర దగ్గర వంట చేసేవాడు. దొర తన దేశానికి పోతూ అది ఇచ్చాడట. దానికి కీ ఇవ్వక్కర్లేదు. చెయ్యి కదిలినప్పుడల్లా లోపలి బరువు అటూ ఇటూ ఊగి, రెండు చివర్లా చిన్న స్ప్రింగులకు తగిలి వెనక్కొస్తుంది. ఆ ఊపుకే వాచీ నడుస్తుంది, ఊపు ఆగినా ఒక రోజు దాకా ఆగదు. గోల్‌బజార్ వాచీల దుకాణం వాడు తన జన్మలో ఇలాంటిది ఇంకోటి చూడలేదన్నాడు.

ఆమె మొగుడు అమ్మన్న రైలు డ్రైవరయ్యాక దాన్ని ఎడమచేతి నుంచి తీసేవాడు కాదు. పందొమ్మిది వందల ఎనభై ఆరులో పక్షవాతం వచ్చి ఆ చెయ్యే పడిపోయింది. మర్నాటికి వాచీ ఆగిపోయింది. అది చూసి అంతటి మనిషీ వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆ ఏడుపు చూడలేక కనకం ఒక పని మొదలెట్టింది. మధ్యాహ్నం అతను నిద్రపోగానే వాచీ తన చేతికి కట్టుకుని బియ్యం చెరిగేది, వాకిలి ఊడ్చేది. లేచేలోగా మళ్లీ అతని చేతికి పెట్టేది.

“ఏటే కనకం, మొగోడి వాచీ ఎట్టుకుని తుడుస్తన్నావు? డ్యూటీకెల్తావేటి?” అనేది పక్కింటి చిన్నమ్మి.

“ఊరుకోయే, నీ నోరు పడిపోను!”

అమ్మన్న కుడిచేత్తో ఎడమచెయ్యెత్తి చెవికి ఆనించుకుని మురిసిపోయేవాడు. “సూసావా, నాకు తెలీకండానే సెయ్యి కదుల్తంది. మల్లీ ఇంజనెక్కుతాను.”

ఆమె ఔననేది. రోజూ ఔనని, చివరికి కాదనే దారే లేకుండా చేసుకుంది.

రైల్వే ఆసుపత్రిలో డాక్టరు చెయ్యెత్తమన్నాడు. లేవలేదు. ఇంజను ఇక వద్దనీ, షెడ్డులో కూర్చుని చేసే పని ఇప్పిస్తాననీ, సోమవారానికల్లా ఏ మాటా చెప్పమనీ అన్నాడు. ఒప్పుకోకపోతే ఉద్యోగమూ, క్వార్టరూ రెండూ పోతాయి.

“వాచీ చల్ రహా హై సాబ్! హాథ్ నహీ హిల్తా తో కైసే చల్తా?” చెయ్యి కదలకపోతే వాచీ ఎలా నడుస్తుందని వాదించి, అమ్మన్న భార్య వైపు తిరిగాడు. “సెప్పవేటే?”

కనకం అతన్ని లేపి బయటికి నడిపించింది.

ఇంటికొచ్చాక చెప్పేసింది. “నానే నడిపిస్తన్నాను మావా. నువ్వు తొంగున్నప్పుడు నా సేతికి కట్టుకుని. నీ సెయ్యి రానేదు. ఆ పని ఒప్పేసుకో.”

అమ్మన్న నవ్వాడు. “అచ్ఛా! డాక్టరు నేర్పినాడా?” కాసేపటికి ఆ నవ్వు పోయింది. “నాను బాగుపడితే నీకేటే ఏడుపు?”

ఆమె మళ్లీ వాచీ ముట్టుకోలేదు. అది ఆగిపోయింది. అమ్మన్న దాన్ని చాలాసేపు చెవి దగ్గరే ఉంచుకున్నాడు.

“పాడైపోనాది. అట్టుకెల్లి బాగుసేయించు. సోమారం డాక్టరుకి సూపించాల.”

వాచీని గుప్పిట్లో బిగించి కనకం గోల్‌బజార్‌కు బయల్దేరింది. చేతులూపుకుంటూ గబగబా నడిచింది. బజారు మొదట్లోకి వచ్చేసరికి గుప్పిట్లో ఏదో తట్టినట్టయింది. తెరిచి చూస్తే సన్నటి ముల్లు తిరుగుతోంది.

దుకాణంలో ఇక చెప్పడానికేమీ లేదు. ఇంటికి ఇలాగే పట్టుకెళ్తే అతను ఆ పని ఒప్పుకోడు. ఆగాక పట్టుకెళ్తే వాచీ పాడైందంటాడే గాని చెయ్యి రాలేదనడు. ఎటూ అడుగు పడక రోడ్డు మధ్యలోనే నిలబడిపోయింది.

“హటో దీదీ, బీచ్ మే క్యోం ఖడీ హో?” అంటూ ఒక రిక్షావాడు దారి మధ్య నుంచి తప్పుకోమని గంట కొట్టాడు.

కనకం పక్కకు జరిగింది.